మూడో బేసు మీద ఆగిపోయినవాడు

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి, చొక్కా విప్పి, అన్నం ముందు కూర్చున్నానో లేదో, కాశీబుగ్గ నుంచి మా అక్క ఫోన్ చేసి, మీ బావకి చదరంగం బల్ల కొన్నాను, సాయంత్రం వచ్చి ఆయన పక్కన కాసేపు కూర్చోమని చెప్పింది. చదరంగం బల్ల కొనడం ఏ ఇంట్లోనైనా పెద్ద వింతేమీ కాదు. మా అక్క కొనడం మాత్రం వింతే. బారువ దగ్గర సముద్రం సెలవు పెట్టి వెళ్ళిపోయిందని ఎవరైనా చెబితే ముందు దాన్ని నమ్ముతాను గానీ దీన్ని నమ్మను. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో నలుపూ తెలుపూ గళ్ళున్న దుప్పటి కూడా మంచం మీద పరవలేదు. ఇది కొంచెం పెంచి చెబుతున్నాను, ఒక గళ్ళ తువ్వాలు ఉండేది. దాన్ని కూడా మా బావ మడత విప్పకుండానే వాడేవాడు.

మా బావకి వినికిడి పోయింది. ఒక్కరోజులో పోలేదు. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు ఉడికించే బాయిలరు పక్కన కొన్నేళ్ళు, ఆ తర్వాత పిక్కలు కోసే మిషన్ల మధ్యన కొన్నేళ్ళు నిలబడ్డ మనిషి. మొదట ఎడమ చెవి మందగించింది, తర్వాత కుడిది, పని మానేసిన రెండేళ్ళకి రెండూ పూర్తిగా మూసుకుపోయాయి. విశాఖపట్నంలో ఉన్న మా మేనకోడలు చెవి మిషను కొనిపెడితే, లోపల ఈగలు ముసురుతున్నట్టుందని తీసి దేవుడి పటం కింద పెట్టేశాడు. అప్పటినుంచి గోడకి చేరబడి కూర్చోవడమే. ఎవరైనా వస్తే లేచి, కుర్చీ చూపించి, ఒక నవ్వు నవ్వి, మళ్ళీ గోడ దగ్గరికి పోవడమే. చెవులతో పనిలేని కాలక్షేపం ఏదైనా చూడండమ్మా, లేకపోతే మనిషి మరీ లోపలికి వెళ్ళిపోతాడు అని డాక్టరు చెప్పాడట. మా అక్క వారం రోజులు ఆలోచించి, మోకరించి ప్రార్థన చేసి, ఎప్పుడో ఆయన దగ్గర పుచ్చుకున్న మాటని దేవుడి ముందే ఆయనకి తిరిగి ఇచ్చేసి, బజారుకెళ్ళి బల్ల కొనుక్కొచ్చింది.

చెవులతో పనిలేని ఆట కదరా అని ఫోన్లో రెండుసార్లు అంది. నేను ఊఁ అన్నాను. అంతకంటే ఏమంటాను? మా బావ చదరంగానికి చెవులతో ఎంత పనో బావ కాక ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో పాస్టరుగారి తమ్ముడు మొన్న వానాకాలంలో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. మిగిలింది నేను. నా మాట ఎవరూ నమ్మరు, అది నేను చేతులారా చేసుకున్నదే.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఎస్టీడీ బూతు ముందు లైనులో నిలబడి, లోపలివాడి సంసారమంతా విన్నాక మన వంతు వచ్చే రోజులవి. అప్పట్లో నేను కాశీబుగ్గలో ఒక ఎరువుల కొట్టులో గుమాస్తాని, మా బావ జీడి ఫ్యాక్టరీలో మేస్త్రీ. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరికీ ఖాళీ. మిషన్ కాంపౌండులో చర్చికి వెనకాల చదువుకునే గది ఒకటుండేది. గదిలో పుస్తకాలకంటే చెదలు ఎక్కువ, అందుకని అందరం వరండాలోనే కూర్చునేవాళ్ళం. అక్కడ పుట్టింది మా చదరంగం. ఒకటే బల్ల, చుట్టూ పది పన్నెండు మంది. చర్చివాళ్ళమే కాదు, బజారులో కిరాణా కొట్టు నడిపే షావుకారూ, ఆయన మేనల్లుడూ, ఉద్దానంలో తోటలున్న రైతులూ వచ్చేవారు. గాలి అటు తిరిగితే జీడితొక్కు కాలిన పొగ వాసన, ఇటు తిరిగితే పాస్టరమ్మగారి వంటింట్లో చేపల పులుసు వాసన. ఆ రెండింటి మధ్యన మా బావ తల వంచుకుని కూర్చుంటే మూడేళ్ళపాటు ఆయన్ని ఓడించినవాడు లేడు. ఒక్కసారి షావుకారు ఓడించాడు, దాని సంగతి ముందుకి చెబుతాను.

చదరంగంలో గొడవ ఆడేవాళ్ళతో రాదు, చూసేవాళ్ళతో వస్తుంది. ఆడేవాడికి కనపడని ఎత్తు పక్కనున్నవాడికి కనపడుతుంది, కనపడ్డాక కడుపులో ఆగదు. ఒకడు దగ్గుతాడు, ఒకడు అయ్యో అంటాడు. ఆట గురించి ఎవరూ నోరెత్తకూడదని పాస్టరుగారు కట్టడి చేస్తే, చూసేవాళ్ళందరూ క్రికెట్ కబుర్లలో పడ్డారు. కొన్నాళ్ళు బాగానే సాగింది. తర్వాత తెలిసిందేమిటంటే, స్లిప్పులో మనిషి లేడని మేనల్లుడు నిట్టూర్చాడంటే మంత్రి పక్క గడి ఖాళీ అని అర్థమట, ఓపెనరు అవుటయ్యేలా ఉన్నాడంటే గుర్రానికి గండమట, అలా ఆ కుర్రాడు మేనమామకి నెలరోజులుగా క్రికెట్లో కబుర్లు అందిస్తున్నాడు. సంగతి బయటపడిన రోజున బల్ల గాల్లోకి లేచింది. నల్ల గుర్రం ఒకటి గోడ దాటి కాలవలో పడింది. ఎంత వెతికినా దొరకలేదు, అప్పటినుంచి దాని బదులు ఒక జీడిపిక్కని నిలబెట్టి ఆడేవాళ్ళం. పాస్టరుగారు వచ్చి క్రికెట్ వద్దు, సినిమాలు వద్దు, రాజకీయాలు అసలే వద్దు, నోరు మూసుకుని చూసేవాడే వరండా ఎక్కాలి అన్నారు. మా వైపు మనుషుల్ని నోరు మూసుకొమ్మనడం ఊపిరి బిగబట్టమన్నట్టే.

అప్పుడే పాస్టరుగారి తమ్ముడు గది బీరువాలోంచి ఆ పుస్తకం తీసుకొచ్చాడు. ఆయన మిషన్ ప్రాథమిక పాఠశాలలో మాస్టారు, పెళ్ళి చేసుకోలేదు, జన్మలో అబద్ధమాడలేదు. నాకు ప్రాణస్నేహితుడు ఎలా అయ్యాడో ఇద్దరికీ తెలియదు. ఎప్పుడో మిషన్ బంగళాలో ఉండి వెళ్ళిపోయిన దొరలు వదిలేసిన ఇంగ్లీషు పుస్తకం అది. అట్టలు లేవు, ముందూ వెనకా పేజీలు చెదల పాలు. మిగిలిందంతా బేస్‌బాల్ అనే ఆట గురించి. మాలో ఒక్కడూ ఆ ఆట చూడలేదు, చూస్తామన్న ఆశా లేదు. అదే మాకు కలిసొచ్చింది. తెలియని ఆటలో ఎవడికి ఎవడూ రహస్యంగా కబురు పంపలేడు, మన జట్టంటూ లేదు గనక కొట్టుకోవడమూ ఉండదు. పాస్టరుగారు పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి సరేనన్నారు. ఆ రోజు నుంచి మా వరండాలో ఆడేవాళ్ళు చదరంగం ఆడేవారు, చూసేవాళ్ళు బేస్‌బాల్ మాట్లాడేవారు.

పాస్టరుగారి తమ్ముడు వారానికో రెండో సంగతులు చదువుకొచ్చి చెప్పేవాడు. మైదానంలో నాలుగు మూలలు, మూడింట మూడు బేసులు, నాలుగోది బ్యాటు పట్టుకుని నిలబడే చోటు, దాని పేరు హోము. కొట్టినవాడు మూడు బేసులూ చుట్టి మళ్ళీ హోముకి చేరితేనే ఒక పరుగు, మధ్యలో ఎక్కడ ఆగిపోయినా ఏమీ లేదు. బంతి వేసేవాడు ఏమరుపాటుగా ఉంటే ఒక బేసు నుంచి ఇంకో బేసుకి పారిపోవచ్చు, దాన్ని దొంగతనమనే అంటారు, తప్పు కాదు, పైగా మెచ్చుకుంటారు. ఈ మాట విని షావుకారు రెండు వారాలు తేరుకోలేదు. అన్నిటికంటే పెద్ద పేచీ ఇంకొకదాని మీద వచ్చింది. పదిసార్లు బ్యాటు పట్టుకుని మూడుసార్లు సరిగ్గా కొట్టి ఏడుసార్లు పోగొట్టుకున్నవాణ్ణి ఆ ఆటలో గొప్పవాళ్ళలో లెక్కేస్తారని ఆయన చెప్పాడు.

“ఏడుసార్లు ఫెయిలైనోడికి దండేత్తారేటి మాస్టారూ, ఈ లెక్కన మా మేనల్లుడు కలెక్టరైపోవాల” అని షావుకారు అంటే వరండా అంతా పకపకలాడింది.

నిజాలే అలా ఉంటే ఇక నన్ను ఆపేదెవరు? నా ఆటగాడికి నేను పేరు పెట్టలేదు, ఎడంచేతివాడు అనేవాణ్ణి. వాడు కొట్టిన బంతి పక్కన పోతున్న గూడ్సు బండి బొగ్గు పెట్టెలో పడి రెండు రాష్ట్రాలు దాటింది, బంతి దొరికేదాకా పరుగెత్తవచ్చు గనక వాడు మైదానం చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు, మధ్యలో భార్య క్యారేజీ పట్టుకుని వాడి పక్కనే పరుగెత్తుతూ అన్నం తినిపించింది. ఇంకోసారి బంతి పట్టేవాడి తోలు తొడుగులో పిట్ట గుడ్లు పెట్టింది, పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఆట ఆపేశారు. పాస్టరుగారి తమ్ముడు పాపం నిజంగానే పేజీలన్నీ తిరగేసి, ఇందులో ఎక్కడా లేదయ్యా అనేవాడు. చెదలు తిన్న పేజీల్లో ఉంది మాస్టారూ అనేవాణ్ణి. ఆ పుస్తకానికి ముందు వంద పేజీలూ వెనక వంద పేజీలూ నేనే రాశాను.

తీర్పు చెప్పేది మా బావ. బల్ల మీంచి చూపు ఎత్తేవాడు కాదు. మాస్టారు పుస్తకం చూసి చదివిన ప్రతిదానికీ అబద్ధం అనేవాడు, నేను పుట్టించిన ప్రతిదానికీ నిజం అనేవాడు, ఆ మాట అంటూనే ఎదుటివాడి ఏనుగుని లేపేసేవాడు. ఆయనకి అంతా తెలుసు. మాస్టారి మొహం ఉడుక్కోవడం చూడటం ఆయనకి సరదా.

షావుకారు చేతిలో ఓడిన సంగతి చెబుతానన్నాను కదా. ఆ ఆదివారం చర్చి పెద్ద ఒకాయన పోయారు. మట్టి చేసి వచ్చాక మనసు బాగుండక వరండా ఎక్కాం గానీ ఎవరమూ కబుర్లు పెట్టుకోలేదు. ఆ నిశ్శబ్దంలో మా బావ ఇరవై ఎత్తుల్లో కుప్పకూలాడు. ఇంటికి నడిచి వెళ్తుంటే, ఏమైంది బావా అంటే సిగ్గుపడుతూ చెప్పాడు.

“మీరు వాగితే నా బుర్ర ఊరుకుంతాదిరా. మీరు ఊరుకుంటే అది వాగుతాది.”

నేనూ మాస్టారూ నవ్వుకున్నాం. అదేదో వేళాకోళం అనుకున్నాం.

మా అక్క సంగతి. ఉద్దానంలో ఆవిడ పేర రెండెకరాల జీడితోట ఉండేది. పిక్క రాలే రోజుల్లో ఆదివారం కాపలా బావది. ఆయన తోటకని సైకిలెక్కేవాడు, సైకిలు మాత్రం మిషన్ గేటు దగ్గర తనంతట తనే తిరిగిపోయేది. ఒకసారి సరిపెట్టుకుంది, రెండోసారి ఊరుకుంది. మూడో ఆదివారం ఎవరో తోటంతా ఊడ్చుకుపోయారు. పిక్కలు మెలిపెట్టి తీసుకుని పండ్లు మాత్రం కింద పారేసి పోయారు. మా అక్క ఆ పండ్లన్నీ గంపకెత్తుకుని, ఎండలో నడిచి వచ్చి, వరండా ఎక్కి, ఆట మధ్యలో బల్ల మీద కుమ్మరించింది. రాజులూ మంత్రులూ జీడిమామిడి రసంలో ఈదారు. అక్క అరవలేదు, ఏడవలేదు. నెల రోజుల్లో టెక్కలిలో పోటీలున్నాయని, అందులో నెగ్గినవాళ్ళని జిల్లా జట్టులోకి తీసుకుంటారని ఆవిడకెలాగో తెలుసు.

“అక్కడ నెగ్గి జట్టులో పేరొత్తే జన్మంతా ఆడుకో, నానడ్డు సెప్పను. రానేదంటే మరి పావు ముట్టుకోనని దేవుడి ముందు సెప్పు.”

ఆ సాయంత్రం ఇద్దరూ మోకరించారు. మా బావ అన్నాడు, ఆ మాట. నాలాంటివాడు ప్రార్థనలో ఏమన్నా దేవుడు నవ్వి ఊరుకుంటాడు గానీ మా బావ అంటే అది అన్నట్టే. అంటే టెక్కలిలో ఓడిపోతే ఆయనకి చదరంగం ఇక లేదు. ఫ్యాక్టరీలో వారమంతా పొగలో నిలబడేది ఆ ఒక్క మధ్యాహ్నం కోసం.

టెక్కలి బస్సులో వరండా మొత్తం ఎక్కింది. మా అక్క పొద్దున్నుంచి ఉపవాస ప్రార్థనలో ఉంది, షావుకారు టెక్కలిలో దిగగానే రావివలస ఉన్న దిక్కుకి తిరిగి ఎండల మల్లన్నకి దణ్ణం పెట్టి ఏదో మొక్కుకున్నాడు. రెండు వైపులా గట్టిగానే కట్టుకున్నాం. పోటీ ఒక కల్యాణమండపంలో పెట్టారు. పిలుపుకి ఇంకా గంట టైముంది కదా అని నేను ఎదురుగా టీ బడ్డీకి వెళ్ళాను. నేను చేసిన పని అక్కడే ఉంది. పక్కన నిలబడ్డ ఒకతను, కాశీబుగ్గ నుంచి ఎవరో మేస్త్రీ వచ్చాడట, అంత గట్టివాడా అని అడిగాడు. గట్టివాడే అని ఊరుకుంటే సరిపోయేది. నాలుక ఊరుకుందా? గట్టివాడు కాకేం, మేం బావామరుదులం ఒకటే బుర్రతో ఆడతాం, నేను బయటనుంచి ఒక ముక్క అంటే ఆయన లోపల గుర్రం కదుపుతాడు, ఇంకో ముక్క అంటే ఏనుగు, మా పద్ధతి కనిపెట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు అని టీ చల్లారేదాకా చెప్పాను. అతను నోరు తెరుచుకుని విన్నాడు. ఒక మనిషి నోరు తెరుచుకుని వింటుంటే నాకు అంతకంటే ఆనందం ఉండేది కాదు.

మొదటి రెండు ఆటలూ మా బావ అవలీలగా నెగ్గాడు. కిటికీ దగ్గర నిలబడి చూస్తున్న మాకు ఎందుకో తెలియలేదు, తర్వాత తెలిసింది. ఆయన కుర్చీ పైన ఒక పాత ఫ్యాను, తిరిగిన ప్రతిసారీ కీచుమంటూ ఏదో చెప్పుకుపోతోంది. మూడో ఆట మీదే అంతా ఉంది. ఎదుటివాడు టెక్కలి కోర్టు గుమాస్తా, సన్నగా, నిదానంగా ఉన్నాడు. పది ఎత్తులయ్యాయో లేదో కరెంటు పోయింది. ఫ్యాను రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. మండపంలో బల్లల మీది గడియారాల టిక్కుటిక్కు తప్ప ఇంకేం లేదు.

మా బావ మెడ బిగుసుకోవడం కిటికీలోంచి కనపడింది. గుర్రం మీదికి చెయ్యి పోయింది, ముట్టుకోకుండా వెనక్కి వచ్చింది. చెమట తుడుచుకున్నాడు. మళ్ళీ పోయింది, ఈసారి ముట్టుకున్నాడు. పోటీల్లో ముట్టుకున్న పావు కదపాల్సిందే. కదిపాడు, బంటు పోయింది. తర్వాత ఇంకొకటి. ఒకసారి తలెత్తి కిటికీ వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కనపడుతుంది. నీళ్ళలో మునిగేవాడు గట్టు మీదవాణ్ణి చూసినట్టుంది. ఊరుకుంటే అది వాగుతాదన్న మాట వేళాకోళం కాదని నాకూ మాస్టారికీ అప్పుడు ఒకేసారి తెలిసింది.

నేను మాస్టారి మొహం చూశాను, మాస్టారు నా మొహం చూశాడు. కిటికీ కింద నిలబడి, గోడవైపు తిరిగి, ఏమీ ఎరగనట్టు మొదలుపెట్టాం. ఎడంచేతివాడు బంతిని కొట్టాడు మాస్టారూ అని నేను. ఏ పేజీలో అని ఆయన. చెదల పేజీలో అని నేను. మొదటి బేసు దాటాడు, రెండో బేసు దాటాడు, మూడో బేసు మీద నిలబడి ఇంటివైపు చూస్తున్నాడు, బంతి వేసేవాడు ముక్కు గోక్కుంటున్నాడు, ఇదే అదను, దొంగతనంగా హోముకి పరుగెత్తాలి అని చెబుతూ కిటికీలోకి ఓరగా చూశాను కదా, మా బావ భుజాలు దిగాయి. పెదవి చివర నవ్వు వచ్చింది. నిజం అని లోలోపల అంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. నాలుగు ఎత్తులు, నాలుగూ చూడముచ్చటైన ఎత్తులు. పోయిన ఆట తిరిగి చేతిలోకి వస్తోంది. అయిదో ఎత్తు ఏనుగుని మూడో వరసకి తెచ్చాడు, నేను బయట మూడో బేసు అంటున్నాను, అంతలో నా భుజం మీద చెయ్యి పడింది.

పోటీ పెద్ద రిటైరైన లెక్కల మాస్టారు. మంచివాడు, అరవలేదు. లోపలికి తీసుకెళ్ళి, మీరేం మాట్లాడుతున్నారు బాబూ అని అడిగాడు. కోర్టు గుమాస్తా వెనకాల ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పొద్దున్న టీ బడ్డీ దగ్గర నోరు తెరుచుకుని విన్నతనే. గుమాస్తాకి బావమరిదట. నేను చెప్పిందంతా ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పాడు. అది ఉత్తుత్తినే కోశానండీ అన్నాను. మరి ఇదేమిటన్నారు. అప్పుడు నిజం చెప్పాను. వరండా సంగతి, క్రికెట్లో కబుర్లు పంపిన మేనల్లుడి సంగతి, అలాంటి మోసం జరక్కూడదనే ఎవరికీ తెలియని ఆట ఏరుకున్నామని, మాటలు వినపడకపోతే మా బావ ఆడలేడని, అంతా చెప్పాను. చెబుతుంటే నాకే వినపడింది. నా జన్మలో అంతకంటే నమ్మలేని అబద్ధం నేనెప్పుడూ పుట్టించలేదు. మా మాస్టారు కూడా నిజమండీ నిజమండీ అన్నాడు గానీ, ఎప్పుడూ అబద్ధమాడని మనిషి దొంగలా నిలబడాల్సి వచ్చేసరికి గొంతు పీలగా వచ్చి, అదే దొంగ గొంతులా వినిపించింది. సరే, ఆ ఆట గురించి ఒక్క నిజం చెప్పండి చూద్దాం అన్నాడు పెద్దాయన. పదిసార్లలో ఏడుసార్లు పోగొట్టుకున్నా గొప్పవాడే అంటారండీ అన్నాను. మండపమంతా నవ్వింది. పెద్దాయన తల పట్టుకున్నాడు.

చివరికి మా బావని అడిగారు. ఆయన లేచి నిలబడి, చొక్కా గుండీ పెట్టుకుని, ఒక్క మాట అన్నాడు.

“ఆళ్ళు అబద్దాలే సెప్తారు సార్. ఎత్తులు సెప్పరు.”

ఆట కోర్టు గుమాస్తాకి ఇచ్చేశారు. మా బావ అతనితో చెయ్యి కలిపి, బల్ల మీద పడిపోయిన తన రాజుని లేపి నిలబెట్టి, బయటికి వచ్చాడు. కాశీబుగ్గలో దిగి నడుస్తుంటే, నా మీద కోపగించుకుంటే బాగుండునని నేననుకుంటుంటే, బావ అడిగాడు.

“ఒరే, ఆ మూడో బేసోడు ఇంటికి సేరినాడేటి?”

నా బతుకులో కథ దొరకని సాయంత్రం అదొక్కటే.

తర్వాత ఆయన పావు ముట్టుకోలేదు. మిషన్ గేటు వైపు పోవడం మానేసి ఫ్యాక్టరీకి చుట్టు తోవలో వెళ్ళేవాడు. పిక్క రోజుల్లో ప్రతి ఆదివారం తోటలోనే ఉండేవాడు, ఆయన కాపలా ఉన్నాక ఒక్క పిక్క పోలేదు. నేను మా అక్కకి జరిగిందంతా చెప్పి చూశాను, తప్పు నాది, ఆయన ఓడిపోలేదు అన్నాను. బావ పరువు కాయడానికి కొత్త కథ కట్టానని నవ్వి, నీ కతలు కట్టిపెట్టరా అంది. బావ ఏమీ చెప్పలేదు, చెబితే ఆవిడ అడిగిన మాట ఆవిడకే గుచ్చుకుంటుందని కాబోలు. మాస్టారు పుస్తకాన్ని బీరువాలో పెట్టేశాడు. మిగిలిన పేజీల సంగతి కూడా చెదలే చూసుకున్నాయి.

పోయిన ఆదివారం సాయంత్రం నేను వెళ్ళేసరికి బల్ల మంచం మీద పరిచి ఉంది. ఎదురుగా మా అక్క. ఏ పావు ఎటు పోతుందో కూతురి దగ్గర ఫోన్లో నేర్చుకుందట. మా బావ కొత్త పావులన్నీ వరసలో పెట్టి, చివర్లో నల్ల గుర్రాన్ని ఒకదాన్ని తీసి జేబులో వేసుకుని, దాని చోట ఒక జీడిపిక్కని నిలబెట్టాడు. ఇదేటి పిచ్చి అంది అక్క. ఆట మొదలైంది. ఆయన చెయ్యి గుర్రం మీదికి పోయి, గాల్లో ఆగి, వెనక్కి వచ్చింది. మెడ బిగుసుకుంది. ఎదురుగా ఉన్నది ఎత్తులు నిన్న నేర్చుకున్న భార్య, అయినా నుదుటి మీద చెమట. ఆ చెవుల్లో కీచు ఫ్యానూ లేదు, వరండా లేదు, మాస్టారు లేడు. నా వైపు తిరిగి, వినపడనివాళ్ళు మాట్లాడినట్టు పెద్దగా, “వాగరా” అన్నాడు.

నేను మొదలుపెట్టాను. నా మాటలూ నేనే అన్నాను, మాస్టారి మాటలూ నేనే అన్నాను, ఏ పేజీలో అని నన్ను నేనే అడిగి చెదల పేజీలో అని నేనే చెప్పాను. ఎడంచేతివాడు ముప్పై ఏళ్ళుగా మూడో బేసు మీద నిలబడే ఉన్నాడు, జుట్టు నెరిసింది, బంతి వేసేవాడు రిటైరైపోయాడు, అయినా వాడు ఇంటివైపే చూస్తున్నాడు, ఇప్పుడు పరుగెత్తాడు, చేరిపోయాడు బావా అన్నాను. ఆయన నా పెదవుల వైపే చూస్తున్నాడు. ఆగిపోయాయని చూశాక, బల్ల వైపు తల తిప్పుకుని, పాత అలవాటుకొద్దీ నిజం అన్నాడు. అంటూనే మంత్రిని తీసుకెళ్ళి నేరుగా మా అక్క బంటు నోట్లో పెట్టాడు. ఆవిడ సంబరంగా లేపేసుకుంది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఎవరికోసమో నాకు తెలియలేదు.

ఆయనకి వినపడదు కదరా, గొంతు ఎందుకు చించుకుంటావు అంది అక్క. నిజం చెప్పాను, ఇంకోసారి. ఆవిడ నవ్వి టీ పెట్టడానికి లేచింది.

ఇప్పుడు పలాస స్టేషన్లో ఏ బెంచీ మీద చూసినా కుర్రాళ్ళు చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోన్లో చదరంగం ఆడుకుంటున్నారు. ఎదుటివాడు ఏ ఊరివాడో తెలియదు, పక్కన చూసేవాడు లేడు, అందుకని నోరు మూసుకోమని చెప్పాల్సిన పాస్టరుగారూ లేరు. నేనెవరికైనా ఎడంచేతివాడి కథ చెప్పబోతే, వాక్యం పూర్తికాకముందే ఫోన్లో వెతికి, అలాంటివాడు ఎవడూ లేడండీ అంటున్నారు. లేడని నాకు తెలియదా? చెదలు తిన్న పేజీలు ఇప్పుడు ఏ పుస్తకానికీ లేవు, ఒక అబద్ధం దాక్కోవడానికి చోటే లేదు. ఏడుసార్లు పోగొట్టుకున్నా గొప్పవాడే అన్న మాట నిజమని అదే ఫోను చెబుతుంది. టెక్కలి పెద్దాయన బతికుంటే చూపిద్దును, లేరట.

ఆ రోజు అక్క టీ తెచ్చేలోపు బావ పావులు మళ్ళీ మొదటి వరసలో పేర్చాడు. జీడిపిక్కని సరిచేసి, నా వైపు చూశాడు. వచ్చే ఆదివారం కూడా వెళ్తాను. వినపడని మనిషి పక్కన కూర్చుని చీకటిపడేదాకా మాట్లాడతాను. దానివల్ల ఏమీ జరగదని నాకు తెలుసు. నేను ఊరుకుంటే లోపల ఆ వాగుడు మొదలవుతుందని కూడా తెలుసు.